రెండేండ్ల పిల్లతో రామోజీ, వండర్‌లా: పగటి నిద్రను బట్టి వేసుకునే ప్లాన్

ఒంటిగంటకు పడుకునే పిల్లను పదకొండుకు గేటు తెరిచే పార్కుకు తీసుకుపోతే చేతిలో ఉండేది రెండు గంటలే. అందులో అరగంట టికెట్లకు, బ్యాగు చెకింగ్‌కు, లాకర్‌కు పోతుంది. మిగిలిన గంటన్నరలో ఆ పిల్ల ఎక్కగలిగేవి మూడో, నాలుగో. ఈ లెక్క ఇంట్లోనే వేసుకుంటే రోజు సాఫీగా పోతుంది. వేసుకోకపోతే మధ్యాహ్నం రెండింటికి నేల మీద పడి ఏడ్చే పిల్ల, "ఇన్ని పైసలు పెట్టి తీసుకొస్తే" అని గొణిగే నాన్న, ఇద్దరి మధ్యా తడిబట్టల సంచి పట్టుకుని నిలబడ్డ అమ్మ. వేసవి సెలవుల్లో ఏ పార్కుకు పోయినా ఇట్లాంటి కుటుంబం పదడుగులకు ఒకటి కనిపిస్తుంది.

ఏడాదిన్నర నుంచి మూడున్నరేండ్ల లోపు పిల్లలు ఉండి, నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్), నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు నుంచి పొద్దున పోయి రాత్రికి ఇల్లు చేరాలనుకునేవాళ్ల కోసం రాసింది ఇది. ఏడాదిన్నర కూడా నిండని పిల్లకు ఈ పార్కులతో పనిలేదు. ఆ వయసుకు పానగల్లు ఉదయ సముద్రం కట్ట మీద కొంగలు, పిల్లలమర్రి ఊడలు చాలు. పార్కుకు తీసుకుపోతే ఎత్తుకుని తిరిగే శ్రమ మీది, టికెట్ డబ్బులూ మీవే, పిల్లకు గుర్తుండేది ఏమీ ఉండదు.

ఏ పార్కు, ఏ తోవ

మనకు రోజులో పోయిరాగల దూరంలో పెద్దవి రెండు. 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీ విజయవాడ హైవే మీద అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర ఉంది. 2016లో తెరిచిన వండర్‌లా ఔటర్ రింగ్ రోడ్డు పక్కన రావిర్యాల దగ్గర ఉంది. రెండూ నగరానికి మన దిక్కునే ఉండడం మన అదృష్టం. ఎల్బీ నగర్ ట్రాఫిక్‌లో ఇరుక్కోకుండానే చేరుకోవచ్చు.

నల్లగొండ నుంచి రామోజీకి నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ మీదుగా సుమారు 70 కిలోమీటర్లు, గంటన్నర ప్రయాణం. చౌటుప్పల్ ముందు పంతంగి టోల్ తగులుతుంది. ఫాస్టాగ్‌లో డబ్బులు ముందురోజే చూసుకోండి. సంక్రాంతి ముందూ వెనకా మూడు నాలుగు రోజులు ఈ టోల్ దగ్గర బండ్లు బారులు తీరుతాయి. ఆ రోజుల్లో పిల్లను పెట్టుకుని ఈ తోవ పట్టకండి. అదే హైవే మీద ఔటర్ దాకా పోయి, పెద్ద అంబర్‌పేట దగ్గర ఎక్కి, 13వ ఎగ్జిట్‌లో దిగితే వండర్‌లా.

మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా శంషాబాద్‌లో ఔటర్ ఎక్కితే అదే 13వ ఎగ్జిట్‌కు చేరతారు. సుమారు 100 కిలోమీటర్లు, రెండు గంటలు వేసుకోండి. కల్వకుర్తి, అచ్చంపేట వాళ్లు శ్రీశైలం రోడ్డు మీద కడ్తాల్ దాటి తుక్కుగూడ చేరితే పక్క ఎగ్జిటే రావిర్యాల. దేవరకొండ వాళ్లకు మాల్, యాచారం, ఇబ్రహీంపట్నం మీదుగా బొంగుళూరు దగ్గర ఔటర్ తగులుతుంది. ఔటర్ మెయిన్ రోడ్డు మీదికి టూవీలర్లను రానివ్వరు, సర్వీసు రోడ్డే గతి. ఎట్లాగూ ఇంత దూరం బైకు మీద చిన్నపిల్లతో వద్దు. తొమ్మిది నెలల నుంచి నాలుగేండ్ల లోపు పిల్లకు బైకు మీద హెల్మెట్, నడిపేవాళ్లకు కట్టే బెల్టు తప్పనిసరి, వేగం 40 దాటకూడదు అని కేంద్రం 2022లోనే నిబంధన తెచ్చింది.

బస్సులో పోయేవాళ్లకు రామోజీయే మేలు. నల్లగొండ, సూర్యాపేట నుంచి హైదరాబాద్ పోయే బస్సులు దాని గేటు ముందు నుంచే పోతాయి. ఎక్కేముందు కండక్టర్‌ను అక్కడ ఆపుతారో లేదో అడగండి. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు 2023 డిసెంబర్ నుంచి టికెట్ లేదు కాబట్టి అమ్మ, నాయనమ్మ, పిల్ల కలిసి పోతే బస్సు ఖర్చు తప్పుతుంది. వండర్‌లాకు ఇటువైపు నుంచి బస్సు మీద బస్సు మారాలి. తడిసి అలిసిన పిల్లతో సాయంత్రం ఆ పని నరకం.

ఇక ఏది మంచిదంటే: రెండున్నరేండ్ల లోపు పిల్లకు రామోజీ. లోపల తిప్పే ఎర్రబస్సు, పిట్టలు, సీతాకోకచిలుకలు, తోటలు, ఫండుస్తాన్ అనే పిల్లల ఆటస్థలం, ఇవన్నీ కళ్లతో చూసేవి, ఎత్తు అడగనివి. నీళ్లంటే ప్రాణం పెట్టే మూడేండ్ల పిల్లకు వండర్‌లా. రెండిట్లోనూ పెద్దవాళ్ల కోసం ఉన్నవే ఎక్కువ అన్న సంగతి మాత్రం ముందే మనసులో పెట్టుకోవాలి.

ఎత్తు కొలవండి, వయసు చెప్పి లాభం లేదు

టికెట్టూ, రైడూ రెండూ ఎత్తు మీదే నడుస్తాయి. వండర్‌లాలో 85 సెంటీమీటర్ల లోపు పిల్లకు టికెట్ లేదు. 85 నుంచి 140 దాకా చైల్డ్ టికెట్. రామోజీలో కూడా పిల్లల టికెట్‌కు ఎత్తే కొలత. మామూలుగా ఎదిగే పిల్ల రెండేండ్లకు 86 సెంటీమీటర్లు, మూడేండ్లకు 95 అటూ ఇటూ ఉంటుంది. అంటే రెండేండ్లు దాటిందంటే టికెట్ పడే అవకాశమే ఎక్కువ.

ఇంట్లో చెప్పుల్లేకుండా గోడకు నిలబెట్టి, తల మీద గట్టి పుస్తకం అడ్డంగా ఆనించి, గీత గీసి, టేపుతో కొలవండి. పుస్తకం గోడకు లంబంగా ఉండాలి. వంగితే ఒక సెంటీమీటరు తేడా వస్తుంది, ఆ ఒక్క సెంటీమీటరుకే కౌంటర్ దగ్గర గొడవలు. తర్వాత పార్కు వెబ్‌సైట్‌లో రైడ్ల జాబితా తీసి, ఆ ఎత్తుకు రానిచ్చేవి ఏవో కాగితం మీద రాసుకోండి. కొన్ని పిల్లల రైడ్లకు కనీస ఎత్తు ఉంటుంది, కొన్ని పెద్దవాళ్లు పక్కన కూర్చుంటేనే ఎక్కనిస్తాయి. ఐదారు కంటే ఎక్కువ తేలవు. పర్వాలేదు, ఆ ఐదూ చాలు. రెండేండ్ల పిల్ల నచ్చినదాన్నే నాలుగుసార్లు ఎక్కుతానంటుంది. కొత్తది చూపించాలని లాక్కుపోవడమే చాలామంది చేసే తప్పు.

వరసలో నిలబడ్డాక బోర్డు చదివి "ఎత్తు చాలదట" అని పిల్లను పక్కకు తీయడం కంటే పెద్ద ఏడుపు ఆ రోజు మొత్తంలో ఇంకోటి ఉండదు.

రోజు ఎంచుకోవడం

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఎండ తట్టుకోవచ్చు. కానీ డిసెంబర్, జనవరిలో పొద్దుటి నీళ్లు పిల్లకు చల్లన. నీళ్లాటలే ముఖ్యమనుకుంటే ఫిబ్రవరి రెండో సగం, మార్చి మొదటి సగం సరైన కాలం. ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండలో 42, 43 డిగ్రీలు మామూలే. పార్కులో నీడ ఉన్నా నేల కాలుతుంది. ఆ నెలల్లో మూడేండ్ల లోపు పిల్లను తీసుకుపోవద్దనే మా సలహా.

మంగళ, బుధ, గురువారాల్లో జనం తక్కువ అంటారు. నిజమే, ఒక్క మినహాయింపుతో. నవంబర్ నుంచి జనవరి దాకా బడుల విహారయాత్రల బస్సులు వచ్చేది ఆ రోజుల్లోనే. పది బస్సుల పిల్లలు ఒకేసారి దిగితే ఆదివారమే నయం. బుక్ చేసేముందు పార్కు నంబర్‌కు ఫోన్ చేసి "ఆరోజు స్కూల్ గ్రూపులు ఉన్నాయా" అని అడగండి. టికెట్ ఆన్‌లైన్‌లో ముందే తీసుకుంటే వరస తప్పుతుంది. తారీఖు మార్చుకునే వీలుందో లేదో డబ్బు కట్టేముందే చదవండి. ఈ వయసు పిల్లకు ముందురోజు రాత్రి జ్వరం రావడం ఎంత పని!

నిద్ర లెక్క

అసలు పని ఇక్కడుంది. ఒకటి నుంచి రెండేండ్ల పిల్లకు రోజుకు 11 నుంచి 14 గంటలు, మూడేండ్ల పిల్లకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి, పగటి నిద్రతో కలిపి. పగలు ఒక్కసారే పడుకునే పిల్ల పొద్దున లేచిన ఐదారు గంటలకు మళ్లీ నిద్రకు వస్తుంది. ఆరున్నరకు లేస్తే పన్నెండుకో, పన్నెండున్నరకో కళ్లు నులుముకోవడం మొదలు.

దీన్ని పాడుచేసేది కారులో పట్టే కోడికునుకు. ఇరవై నిమిషాలు కునుకు తీసిన పిల్ల మధ్యాహ్నం పడుకోదు. కానీ ఆ ఇరవై నిమిషాలు పూర్తి నిద్ర బదులు కాదు. మూడింటికి కోపం తలకెక్కుతుంది. అందుకే కారులో అసలు పడుకోకుండా చూడాలి, లేదా పూర్తిగా పడుకోనివ్వాలి. పార్కును బట్టి రెండు పద్ధతులు.

రామోజీకి పోతే, పొద్దున తొమ్మిదికి లోపల ఉండేట్టు: పిల్లను ఆరున్నరకు లేపి, ఏడుంపావుకు బయలుదేరండి. తోవలో కిటికీ వైపు కూర్చోబెట్టి లారీలు, గొర్రెలమందలు చూపిస్తూ మేల్కొనే ఉంచండి. తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఆటలు. పన్నెండుకు తిండి. పన్నెండున్నరకు నీడలో, వీలైతే ఏసీ హోటల్ మూలన, పిల్లల తోపుడు బండిలో (స్ట్రోలర్) పడుకోబెట్టండి. రెండింటికి లేస్తే ఇంకో గంటన్నర తిరిగి, నాలుగు కొట్టేసరికి తిరుగు ప్రయాణం.

వండర్‌లాకు పోతే కారునే ఊయల చేసుకోండి. ఈ పార్కు సాధారణంగా పదకొండుకు తెరుస్తారు. పిల్లను ఐదున్నరకు లేపండి. ఇంట్లో బాగా ఆడించి, తిండి పెట్టి, తొమ్మిదికి బండెక్కండి. షాద్‌నగర్ రాకముందే నిద్రపోతుంది. పదకొండు దాకా గంటన్నర నిద్ర పడితే ఆ రోజు పగటి నిద్ర అయిపోయినట్టే. పార్కుకు ముందే చేరితే లేపకండి. ఏసీ వేసి, ఒకరు పిల్లతో బండిలో ఉంటే ఇంకొకరు లోపలికిపోయి లాకర్, కాస్ట్యూమ్ పనులు చేసుకురావచ్చు. ఆగి ఉన్న కారులో పిల్లను ఒంటరిగా ఒక్క నిమిషం కూడా వదలొద్దు. అద్దం కొంచెం తీసి ఉన్నా సరే, ఎండలో లోపలి వేడి నిమిషాల్లో పెరుగుతుంది. ఇట్లా పడుకున్న పిల్ల నాలుగు దాకా హుషారుగా ఉంటుంది.

రెండో పద్ధతికి పిల్ల ఐదున్నరకు లేవడం అలవాటు కావాలి. వారం ముందు నుంచి రోజుకు పది, పదిహేను నిమిషాలు ముందుకు జరపండి, రాత్రి పడుకునే వేళనూ అంతే జరపాలి. ఒక్కరోజులో గంట ముందు లేపితే ఆ రోజంతా ఏడుపే.

తోపుడు బండి తేలికైనది, గొడుగులా మడిచేది చాలు. ఎండ పడుతుందని దాని మీద దుప్పటో, మందపాటి చున్నీయో పూర్తిగా కప్పకండి. గాలి ఆడక లోపల ఉక్క పోసి, బయటికంటే వేడెక్కుతుంది. నెత్తి వైపు మాత్రం పల్చటి బట్ట వేసి, కాళ్ల వైపు తెరిచి పెట్టండి.

బండిలో

కారులో పిల్లను ముందు సీటులో ఒళ్లో పెట్టుకోవడం మనకు పెద్ద అలవాటు. గట్టి బ్రేకు పడితే ఆ బరువును ఏ చెయ్యీ ఆపలేదు. ఎయిర్‌బ్యాగు తెరుచుకుంటే మధ్యలో నలిగేది పిల్లే. వెనక సీటులో చైల్డ్ సీటు బిగించండి. రెండేండ్ల లోపు పిల్లకు అది వెనక్కి చూసేట్టు ఉండాలి. పద్నాలుగేండ్ల లోపు పిల్లలకు బెల్టో, చైల్డ్ సీటో లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా అని చట్టంలో ఉంది.

పాలు తాగించి వెంటనే ఎక్కిస్తే వాంతి ఖాయం. అరగంట ఆగండి. ఒక మందపాటి కవరు, పాత టవలు, తడి తుడుపుల ప్యాకెట్ డిక్కీలో పెట్టకుండా కాళ్ల దగ్గరే పెట్టుకోండి.

సంచిలో ఏమేం, ఎన్ని

పొద్దున ఏడు నుంచి రాత్రి ఏడు దాకా అనుకుంటే: మామూలు డైపర్లు ఆరు, నీళ్ల డైపర్లు రెండు, బట్టలు మూడు జతలు, సాగే సింథటిక్ ఈత దుస్తులు ఒక జత, పల్చటి టవళ్లు రెండు, అంచున్న టోపీ, జింక్ ఆక్సైడ్ పూత, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్, తడిబట్టలకు జిప్పు కవర్లు మూడు, పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు. చెప్పులు కొత్తవి వద్దు, నెలరోజులు వాడినవే వేయండి. కొత్తవి తడిస్తే గంటలో మడమ దగ్గర పొక్కుతుంది.

నీళ్లాటల దగ్గర నూలు బట్టలు రానివ్వరు. వాటి పోగులు ఊడి ఫిల్టర్లలో చేరతాయి, తడిస్తే బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటాయి. లోపల కొంటే రేటు ఎక్కువ, చిన్న సైజు దొరుకుతుందన్న నమ్మకమూ లేదు. నైలాన్, పాలిస్టర్ చేతుల చొక్కా, నిక్కరు కలిసిన జత ఊళ్లోనే కొనుక్కోండి. ముదురు నీలం వద్దు. నీళ్ల రంగులో కలిసిపోతుంది. నారింజ, గులాబీ, చిలకపచ్చ రంగులైతే జనంలో కూడా కంటికి ఆనుతాయి.

మందులు: రోజూ వాడేవి, డాక్టరు పిల్ల బరువును బట్టి రాసిచ్చిన పారాసిటమాల్ సిరప్ దాని కొలత మూతతో సహా, ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్లు రెండు. ఓఆర్ఎస్ దగ్గర జాగ్రత్త. పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకు, చిన్నది 200 మిల్లీలీటర్లకు. ప్యాకెట్ మీద ఎంత రాసి ఉంటే అంతే నీళ్లు కలపాలి, సగం ప్యాకెట్ సగం గ్లాసు అని ఉజ్జాయింపు పనికిరాదు. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోయాలి. అట్టపెట్టెల్లో రుచిగా అమ్మే తియ్యటి పానీయాలు ఓఆర్ఎస్ కావు. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏండ్ల తరబడి దీని మీద పోరాడితే, సరైన పాళ్లు లేని పానీయాల మీద ఆ పేరు వాడొద్దని 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. మెడికల్ షాపులో పొడి ప్యాకెట్ అనే అడిగి తీసుకోండి.

సద్ది

పార్కులు బయటి తిండిని లోపలికి రానివ్వవు. పసిపిల్లల తిండికి మాత్రం మినహాయింపు ఇస్తారు. పిల్ల డబ్బా వేరుగా, చిన్నగా, తెరిస్తే మెత్తటి అన్నమే కనపడేట్టు ఉంటే చెకింగ్ దగ్గర ఎవరూ ఏమీ అనరు. దాంతోపాటు పది మందికి సరిపడా పులిహోర గిన్నె పెట్టి "పిల్ల కోసం" అంటే ఎవరు నమ్ముతారు?

మధ్యాహ్నం దాకా పులవని పెరుగన్నం ఇట్లా కలపాలి. అరకప్పు బియ్యాన్ని రెండు కప్పుల నీళ్లతో మెత్తగా వండి, వేడి మీదే గరిటెతో మెదపండి. పూర్తిగా చల్లారాక కాచి చల్లార్చిన పాలు ఒక కప్పు పోయండి. అన్నం జారుగా కనపడాలి, భయపడకండి, అది తర్వాత పీల్చుకుంటుంది. ఇప్పుడు ఒకే ఒక్క చెంచా పెరుగు వేసి, చిటికెడు ఉప్పుతో కలిపి స్టీలు డబ్బాలో మూత పెట్టండి. పొద్దున ఏడుకు కలిపింది పదకొండు, పన్నెండుకల్లా తోడుకుని తియ్యటి పెరుగన్నం అవుతుంది. ఎండాకాలమైతే పెరుగు అరచెంచాకు తగ్గించి, డబ్బాను తడిగుడ్డలో చుట్టండి. వేడన్నంలో పాలు పోసినా, పెరుగు ఎక్కువ పడినా పదింటికే పులిసి వాసనొస్తుంది. ఆ డబ్బాను పిల్లకు పెట్టకుండా పారేయండి.

దీనితో ఇడ్లీలు రెండు, అరటిపండు రెండు, మెత్తటి చపాతీ ముక్కలు చాలు. పల్లీలు, పుట్నాలు, సకినాలు, మొక్కజొన్న పేలాలు, గుండ్రటి ద్రాక్ష వద్దు. నాలుగేండ్ల లోపు పిల్లకు ఇవి గొంతుకు అడ్డం పడతాయి, అందులోనూ ఎగురుతూ, నవ్వుతూ తింటే. పార్కులో పేలాల బండి ప్రతి మలుపులోనూ ఉంటుంది. తాత ప్రేమగా కొనిపెట్టేముందే ఆయనకు ఈ సంగతి చెప్పి ఉంచండి. ద్రాక్ష పెట్టాలనుకుంటే నిలువుగా నాలుగు ముక్కలు చేయండి. ఏ తిండి అయినా కూర్చోబెట్టే పెట్టాలి.

నీళ్లు అడిగినప్పుడు ఇద్దామనుకుంటే ఆటలో పడ్డ పిల్ల అడగదు. ఇరవై, ముప్పై నిమిషాలకోసారి నాలుగైదు గుక్కలు తాగించండి. ఆరు గంటలు డైపర్ పొడిగా ఉన్నా, మూత్రం ముదురు పసుపుగా ఉన్నా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా ఒంట్లో నీళ్లు తగ్గినట్టు. ఆట ఆపి నీడలో కూర్చోబెట్టి ఓఆర్ఎస్ చెంచాతో పట్టాలి.

గేటు దగ్గర ఐదు నిమిషాలు

లోపలికి పోకముందే పిల్లను తల నుంచి కాళ్ల దాకా ఒక ఫొటో తీయండి. తప్పిపోతే "ఎర్ర చొక్కానా, పింకుదా" అని ఆ కంగారులో ఎవరికీ గుర్తురాదు. ముంజేతి లోపలి వైపు బాల్‌పెన్నుతో ఇద్దరి ఫోన్ నంబర్లు రాసి, పైన పారదర్శక టేపు అంటించండి. పేరు రాయొద్దు. పేరు పెట్టి పిలిచే కొత్తవాళ్లను పిల్లలు ఇట్టే నమ్ముతారు.

కనపడకుండా పోతే ఒకరు ఉన్నచోటే నిలబడాలి. ఇంకొకరు ముందు నీళ్ల వైపే పరిగెత్తాలి. ఐస్‌క్రీమ్ బండి, బొమ్మల దుకాణం తర్వాత చూడొచ్చు. దారిలో కనపడ్డ మొదటి సిబ్బందికి ఫొటో చూపించి మైకులో చెప్పించండి. మనమే వెతుకుదాంలే అని పది నిమిషాలు ఆలస్యం చేయకూడదు.

ఆటలు ఏ వరసలో

మొదటి ఆట నెమ్మదిదై ఉండాలి. తిరిగే గుర్రాలో, చిన్న రైలో. గేటు దాటగానే పెద్ద చప్పుడున్న చోటికి తీసుకుపోతే పిల్ల బెదిరి, ఆ తర్వాత ఏదీ ఎక్కనంటుంది. రామోజీలో వైల్డ్ వెస్ట్ స్టంట్ షోలో తుపాకుల చప్పుళ్లు ఉంటాయి. చూడాలనిపిస్తే వెనక వరస చివరి సీట్లలో కూర్చోండి, లేచి బయటికి రావడానికి. వండర్‌లా రెయిన్ డిస్కోలో చీకటి, మోత, పైనుంచి నీళ్లు ఒకేసారి. అది చిన్నపిల్లల చోటు కాదు. పిల్ల చెవులు మూసుకున్నా, మీ మెడ చుట్టూ చేతులు బిగించినా అక్కడి నుంచి వచ్చేయండి. "ఏం కాదు, చూడు చూడు" అని తల తిప్పి చూపించడం వల్ల భయం పోదు.

ప్లాస్టిక్ జారుడుబండ, ఇనుప కడ్డీ, రైడ్ సీటు ఏదైనా ముందు మీ చేతి వెనకవైపు ఐదు సెకన్లు ఆనించి చూడండి. మీకు చురుక్కుమంటే పిల్ల తొడలు కాలతాయి.

పెద్దవాళ్లకూ రోలర్ కోస్టర్ ఎక్కాలని ఉంటుంది, తప్పేం లేదు. మేనత్తో, బాబాయో ఒకరు అదనంగా ఉంటే వంతులు పడుతుంది. రామోజీలో ఇద్దరే ఉంటే పిల్ల నిద్రపోయే గంటన్నరే ఆ సమయం. ఒకరు కాపలా, ఒకరు ఆట, మధ్యలో మార్పిడి. నాయనమ్మను పిల్ల కాపలాకు తీసుకుపోయేటప్పుడు ఆమె మోకాళ్లనూ లెక్కలో పెట్టండి. లోపల నడక కిలోమీటర్లలో ఉంటుంది.

నీళ్లలో

మామూలు డైపర్‌తో దింపితే పది నిమిషాల్లో అది నీళ్లు పీల్చి ఉబ్బి, తొడల మధ్య ఇసుకసంచిలా వేలాడుతుంది. చిట్లితే లోపలి జిగురు గింజలు కొలనంతా తేలతాయి. నీళ్ల డైపర్ ఉబ్బదు. కానీ అది ఆపేది మలాన్నే, మూత్రాన్ని ఆపదు. అందుకే దాన్ని కారులో తొడగకండి, సీటు తడుస్తుంది. నీళ్లలోకి పోయే ఐదు నిమిషాల ముందు తొడిగి, అరగంటకోసారి బయటికి తీసి చూడండి. మార్చడం కొలను ఒడ్డున కాదు, బాత్‌రూమ్‌లో. విరేచనాలు అవుతున్న పిల్లను అసలు దింపొద్దు.

సన్‌స్క్రీన్ ఎండలోకి పోయే పావుగంట ముందు, ముఖం, చెవుల పైభాగం, మెడ వెనక, పాదాల మీద రాయాలి. రెండు గంటలకోసారి, నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ మళ్లీ. నీళ్లకు ముందు కొబ్బరినూనె రాసే అలవాటు ఉంటే ఈ ఒక్కరోజు మానండి. చేతుల్లోంచి చేపలా జారిపోతుంది.

మడమ మునిగేంత నీళ్లలోనూ చిన్నపిల్ల బోర్లా పడితే లేవలేదు. తల బరువు ఎక్కువ, అరవదు కూడా, చప్పుడు లేకుండా మునుగుతుంది. కాబట్టి చెయ్యి చాస్తే అందే దూరంలో ఒక పెద్దమనిషి ఉండాలి, ఫోన్ లాకర్‌లో ఉండాలి. "ఇప్పుడు నేను చూస్తున్నా" అని నోటితో చెప్పి పావుగంటకోసారి వంతు మారండి. నలుగురు పెద్దవాళ్లు ఒడ్డున ఉన్నచోటే ప్రమాదం ఎక్కువ. ఒకరు చూస్తున్నారని ఇంకొకరు అనుకుంటారు. గాలి ఊదే రింగులు, చేతికి తొడిగే బుడగలు ఆటవస్తువులే, ప్రాణం కాపాడేవి కావు. అలల కొలనుకు పోతే లోతు మోకాళ్లు దాటకుండా, పిల్లను చంకన పెట్టుకునే నిలబడండి.

ఇరవై, ముప్పై నిమిషాలకు బయటికి తీయండి. పెదవులు నీలంగా మారినా, గడ్డం వణికినా అంతకంటే ముందే. ఆ తర్వాత మంచినీళ్లతో కడిగి, మెడ మడతలు, తొడల మడతలు అద్ది తుడిచి, జింక్ పూత రాసి, పొడి బట్టలు వేసి, ఏదైనా తినిపించండి. నీళ్లాట తర్వాత పిల్లకు ఆకలి ఎక్కువ. రెండోసారి దింపాలా వద్దా అనేది తిన్నాక పిల్ల ముఖం చూసి తేల్చుకోవచ్చు.

బయటపడడం

నాలుగింటికి బయలుదేరాలనుకున్నారు కదా, మూడున్నరకే పిల్లకు చెప్పడం మొదలుపెట్టండి. "ఇంకొక్కసారి గుర్రం ఎక్కి, టాటా చెప్పి, కారు దగ్గరికి" అని మూడు పనులు వరసగా చెబితే పిల్లకు అర్థమవుతుంది. బొమ్మల దుకాణం గేటు పక్కనే పెడతారు, ఊకె పెట్టరు. కొననట్టయితే పిల్లను తోపుడు బండిలో వెనక్కి తిప్పి, చేతిలో బిస్కెట్ పెట్టి దాటించండి.

తిరుగు ప్రయాణంలో ఆరు దాటాక పట్టే నిద్ర రాత్రి నిద్రను మింగేస్తుంది. రామోజీ నుంచి నాలుగుకు బయలుదేరితే ఐదున్నరకు ఇంట్లో ఉంటారు. పాలమూరు వాళ్లు దారిలో ఒకసారి దింపి పది నిమిషాలు నడిపించి, పాలు తాగించండి. అప్పటికీ పడుకుంటే ఇంటికి రాగానే బట్టలు మార్చి అట్లాగే పక్క మీదికి చేర్చడమే. స్నానం చేయిద్దామని లేపితే పదకొండు దాకా ఇల్లంతా మేల్కొనే ఉంటుంది.

మర్నాడు పిల్లను బడికో, అంగన్‌వాడీకో పంపకండి. చెవిని పదేపదే లాక్కోవడం, కళ్లు ఎర్రబడి పుసి పట్టడం, మూడుసార్లకు మించి నీళ్ల విరేచనాలు, తగ్గని జ్వరం, పిలిచినా మత్తుగా ఉండడం కనిపిస్తే డాక్టరుకు చూపించండి, నీళ్ల పార్కుకు పోయొచ్చిన సంగతి కూడా చెప్పండి. ముందురోజు నీళ్లు మింగి దగ్గినదా, ఆ దగ్గు ఆగకుండా ఊపిరి ఎగబీలుస్తుందా, అప్పుడు పొద్దున దాకా చూద్దామని ఆగొద్దు, రాత్రికి రాత్రే పోవాలి.

ఈత దుస్తులను ఆ రాత్రే మంచినీళ్లలో రెండుసార్లు జాడించి నీడలో ఆరేయండి. క్లోరిన్ నీళ్లతోనే కవర్లో వదిలేస్తే సాగే గుణం పోయి, రెండోసారి తొడిగేసరికి మెడ దగ్గర జారిపోతాయి.